దేవుడి మనుషులు ఎక్కువైపోయారు, ఏం చేయను?

ప్రశ్న: నేను డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ ఆడే ఆట) 2014 రూల్స్‌తో ఒక క్యాంపెయిన్, అంటే చాలా సెషన్ల పాటు సాగే కథ, నడుపుతున్నాను. ఆడేవాళ్ళు నలుగురు. మా అక్కది వార్ డొమైన్ (యుద్ధ దేవుడి శాఖ) క్లెరిక్, అంటే దేవుడిచ్చిన మంత్రాలు వేసే పాత్ర. మొదట్లో హీలర్‌గా ఉండటానికి ఎవరూ ఒప్పుకోకపోతే తనే తీసుకుంది. మూడో సెషన్‌లో మా ఫ్రెండ్ ఒకడు చేరాడు, వాడిది డివోషన్ ప్రమాణం పట్టిన పాలడిన్, అంటే ప్రమాణ బలంతో పోరాడే యోధుడు. అప్పటి నుంచి గొడవ. ఇద్దరికీ బరువైన కవచం, ఇద్దరికీ డాలు. ఇద్దరూ గాయాలు మాన్పుతారు, ఇద్దరూ దేవుడి పేరు చెప్పి కొడతారు. "వాడుండగా ఇంక నేనెందుకు?" అని అక్క మొన్న అనేసింది. ఇది చాలదన్నట్టు, రోగ్ (దొంగ) పాత్ర చచ్చిపోయిన ఇంకో అమ్మాయి డివైన్ సోల్ సోర్సరర్‌తో (పుట్టుకతో దైవశక్తి ఉన్న మాంత్రికురాలితో) వస్తానంటోంది. నాలుగో అతను విజార్డ్, అతనికి ఏ బాధా లేదు. వచ్చే సెషన్‌తో అందరూ ఐదో లెవెల్‌కి వస్తారు. ఎవరినో ఒకరిని క్లాస్ (పాత్ర రకం) మార్చుకోమనాలా? పనిలో పనిగా ఇంకోటి. నేను సొంతంగా ఒక ప్రపంచం రాసుకుంటున్నాను. అందులో క్లెరిక్‌నీ పాలడిన్‌నీ కలిపి ఒకటే క్లాస్ చేస్తే తప్పా? — ఒక డీఎం (ఆట నడిపే మనిషి)

సమాధానం:

ఎవరినీ ఏమీ మార్చుకోమనకండి. ముందు మీ అక్కతో ఒక పావుగంట విడిగా కూర్చోండి.

మీ ఉత్తరంలో నా కన్ను ఆగింది పాలడిన్ దగ్గర కాదు, "ఎవరూ ఒప్పుకోకపోతే తనే తీసుకుంది" అన్న ముక్క దగ్గర. హీలర్ పని మెడకు చుట్టుకున్న మనిషి, ఉన్న డొమైన్లన్నిట్లో వార్ డొమైన్ ఎందుకు ఏరుకుంది? లైఫ్ డొమైన్ పక్కనే ఉంది కదా. దాంట్లోనూ బరువైన కవచం వస్తుంది, పైగా గాయాలు మాన్పడంలో దాన్ని మించింది లేదు. ఆవిడ దాన్ని వదిలేసి యుద్ధం వైపు వెళ్ళింది. అంటే "కట్లు కట్టడం నా వంతే, సరే, కానీ నన్ను కూడా నాలుగు దెబ్బలు కొట్టనివ్వండి" అని అడిగినట్టు. మీ ఫ్రెండ్ వచ్చి ఆ నాలుగు దెబ్బలూ తన ఖాతాలో వేసుకున్నాడు. ఆవిడకి మిగిలింది మొదట్నుంచీ ఎవరికీ అక్కర్లేని పని. క్లాసుల గొడవ కంటే ముందు ఇది చాకిరీ గొడవ. ఆ పావుగంటలో మీరు అడగాల్సింది "నీకు ఏ క్లాస్ కావాలి?" అని కాదు, "నీకు హీలింగ్ చేయడం ఇష్టమేనా?" అని. ఇష్టం లేదంటే ఆ పనిని నలుగురికీ పంచండి. మందు సీసాలు ఎక్కువగా దొరికేలా చూడండి, పాలడిన్‌కి కూడా వంతు వేయండి. సగం గొడవ అక్కడే తీరుతుంది.

మిగతా సగం రూల్స్‌లో ఉంది. అందులో మీ అక్క చెప్పేది నూటికి నూరుపాళ్ళు నిజం.

ఐదో లెవెల్ దాకా వార్ డొమైన్ ఇచ్చే ఆరు స్పెల్స్ (మంత్రాలు) ఒకసారి చూడండి. డివైన్ ఫేవర్, షీల్డ్ ఆఫ్ ఫెయిత్, మ్యాజిక్ వెపన్, స్పిరిచువల్ వెపన్, క్రూసేడర్స్ మ్యాంటిల్, స్పిరిట్ గార్డియన్స్. వీటిలో నాలుగు పాలడిన్ జాబితాలోనూ ఉన్నవే. బోనస్ యాక్షన్‌లో (టర్న్‌లో దొరికే అదనపు చిన్న పనిలో) ఇంకో దెబ్బ కొట్టే అవకాశం ఆవిడకుంది గానీ, అది విజ్డమ్ మాడిఫయర్ (విజ్డమ్ మార్కు నుంచి వచ్చే అంకె) ఎంతుంటే అన్నిసార్లే, మళ్ళీ లాంగ్ రెస్ట్ (రాత్రంతా విశ్రాంతి) దాకా లేదు. పాలడిన్‌కి ఐదో లెవెల్‌లో రెండో దెబ్బ శాశ్వతంగా వచ్చేస్తుంది, ప్రతి టర్న్‌లోనూ. దాని మీద స్మైట్, అంటే స్పెల్ స్లాట్ (మంత్రం వేయడానికి ఉండే కోటా) ఖర్చు పెట్టి దెబ్బకి దైవశక్తి జోడించడం. ఒకటో లెవెల్ స్లాట్ కరిగిస్తే రెండు డీ8లు (ఎనిమిది ముఖాల పాచికలు), రెండో లెవెల్ స్లాట్‌కి మూడు, ఎదురుగా ఉన్నది లేచి తిరిగే శవమో పిశాచమో అయితే ఇంకొకటి. దెబ్బ తగిలాకే స్లాట్ ఖర్చు పెట్టాలో వద్దో తేల్చుకోవచ్చు కాబట్టి వృథా కూడా ఉండదు. కత్తి పోటీకి దిగితే మీ అక్క ఇప్పుడే వెనకబడి ఉంది. వచ్చే సెషన్ నుంచి ఇంకా ఘోరంగా వెనకబడుతుంది. ఈ మాట ఆవిడకి ముందే చెప్పేయండి. ఆట మధ్యలో తనంతట తను తెలుసుకుంటే ఎక్కువ నొప్పి.

అసలు ఒకే ఒరలో ఈ రెండు కత్తులు ఎలా దూరాయంటే, అదో చిన్న కథ. ఈ ఆట పుస్తకంగా రాకముందు, దీన్ని సృష్టించినవాళ్ళలో ఒకరైన డేవ్ ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్ ఆటలో ఒకరి పాత్ర సర్ ఫాంగ్ అనే రక్త పిశాచి. అది ఎవరికీ లొంగనంత బలిసిపోయింది. దానికి విరుగుడుగా పుట్టింది క్లెరిక్. సినిమాల్లో శిలువ పట్టుకుని పిశాచాలను వెంటాడే వేటగాడిని తెచ్చి కవచం తొడిగారు. 1974లో ఆట అచ్చయినప్పుడు ఉన్న క్లాసులు మూడే: ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్. అప్పటి క్లెరిక్‌కి మొదటి లెవెల్‌లో ఒక్క స్పెల్ కూడా లేదు! ఎలాంటి కవచమైనా వేసుకోవచ్చు, పదును లేని ఏ ఆయుధమైనా పట్టుకోవచ్చు, లేచి తిరిగే శవాలను తరిమికొట్టవచ్చు. అంతే. తెలుగులో మనం క్లెరిక్‌ని "పూజారి" అనేస్తాం, అక్కడే బోల్తా పడతాం. వాడు పుట్టుకతోనే సగం సైనికుడు. మీ అక్క గద పట్టుకోవాలనుకోవడం కొత్త కోరికేమీ కాదు, ఆ క్లాస్ అసలు రూపమే అది.

మరుసటి ఏడాది, 1975లో, గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంలో పాలడిన్ వచ్చాడు. వచ్చింది మాత్రం క్లెరిక్ ఇంటి నుంచి కాదు, ఫైటర్ ఇంటి నుంచి. షార్లమేన్ చక్రవర్తి కొలువులోని వీరుల పేరది. చెయ్యి వేసి గాయం మాన్పడం, రోగాలు అంటకపోవడం లాంటి వరాలున్న యోధుడు. ఇక్కడే ఒక సంగతి చాలామంది గమనించరు. పాలడిన్ కావాలంటే కరిజ్మా (ఆకర్షణ మార్కు) కనీసం 17 ఉండాలి. మూడు పాచికలు వేసి 17 గానీ 18 గానీ తెచ్చుకోవాలంటే 216 విధాల్లో నాలుగే ఉన్నాయి, అంటే నూటికి రెండు కూడా కాదు. 1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ రూల్స్‌లో ఇంకా బిగించారు. మనిషి జాతి అయితేనే, లాఫుల్ గుడ్ (నియమం తప్పని మంచి గుణం) అయితేనే అన్నారు. కాబట్టి ఒకే టేబుల్ దగ్గర క్లెరిక్, పాలడిన్ ఢీకొనడం అరుదు. ఇద్దరి మధ్య గోడ కట్టింది రూల్ కాదు, అదృష్టం. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఆ కనీస మార్కుల పద్ధతి ఎత్తేసింది. గోడ పోయింది, ఇల్లు మాత్రం పాతదే. మీ అక్కా మీ ఫ్రెండూ ఇప్పుడు ఆ ఒక్క గదిలోనే మోచేతులు తగిలించుకుంటున్నారు.

(అన్నట్టు డ్రూయిడ్ కూడా 1978 పుస్తకంలో క్లెరిక్ కింద ఉపశాఖే. మంక్ 1975లో మొదట వచ్చినప్పుడు అదీ అంతే. ఒక్క క్లెరిక్ పొట్టలోంచి ఇంతమంది బయటికొచ్చారు. పోలికలు ఉండకుండా ఎలా ఉంటాయి?)

ఆ తర్వాత వచ్చినవాళ్ళు దీన్ని సర్దడానికి చాలా తిప్పలు పడ్డారు. 2008 నాటి నాలుగో ఎడిషన్ నిర్మొహమాటంగా పనులు పంచేసింది. క్లెరిక్ పక్కవాళ్ళను నిలబెట్టాలి, పాలడిన్ శత్రువును తన మీదికి లాక్కోవాలి. ఇంకో ఏడాదికి అవెంజర్, ఇన్వోకర్, 2010లో రూన్‌ప్రీస్ట్. మొత్తం ఐదు దైవ క్లాసులు. అయినా పెద్దగా తగువుల్లేవు, ఎవరి కుర్చీ మీద వాళ్ళ పేరు రాసి ఉంది కాబట్టి. ఆ ఎడిషన్‌ని తిట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ కొన్ని విషయాల్లో తిట్టాను గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం దండం పెడతాను. 2014 రూల్స్ మళ్ళీ కుర్చీల మీద పేర్లు చెరిపేశాయి. అందుకే ఇప్పుడు ఆ పేర్లు మీరే రాయాలి.

ఎలా రాయాలి? నేను వాడే ప్రశ్న ఒకటే. ఈ శక్తిని వెనక్కి లాక్కోగలిగేది ఎవరు?

క్లెరిక్‌కి ఇచ్చింది దేవుడు. ఇచ్చిన చెయ్యే తీసుకోగలదు. క్లెరిక్ ఎంత పెద్దవాడైనా పైన ఒకరున్న మనిషి. రూల్స్‌లో దీనికి సాక్ష్యం పదో లెవెల్‌లో కనిపిస్తుంది. డివైన్ ఇంటర్వెన్షన్ అని, నేరుగా దేవుణ్ణే రమ్మని పిలవచ్చు. నూరు ముఖాల పాచిక వేసి, మీ లెవెల్ అంకె గానీ అంతకంటే తక్కువ గానీ పడితే పలుకుతాడు. పదో లెవెల్‌లో అది నూటికి పది. ఆ పిలిచే హక్కు పాలడిన్‌కి లేదు, ఇరవయ్యో లెవెల్‌కి వెళ్ళినా లేదు.

పాలడిన్ సంగతి వేరు. 2014 పుస్తకం కూడా అతని బలం దేవుడి నుంచి ఎంతో, న్యాయానికి అతను కట్టుబడ్డ తీరు నుంచి కూడా అంతే అంటుంది. భీష్ముడి బలం చూడండి. ఆయన మాట పట్టిన తీరుకే అంత మహిమ వచ్చింది. దాన్ని ఇంకెవరో వచ్చి లాక్కోలేరు, ఆయన మాట తప్పితే తప్ప. పాలడిన్ అదే రకం. అందుకే అతనివి పిలిస్తే వచ్చేవి కావు, ఒంట్లో ఉండేవి. మూడో లెవెల్ నుంచి రోగం అంటదు, ఆరో లెవెల్ నుంచి పది అడుగుల దాకా పక్కవాళ్ళను కాపాడే ఆరా ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, చెయ్యి వేస్తే గాయం మానుతుంది.

డివైన్ సోల్ అయితే కర్ణుడి కవచకుండలాల లెక్క. అడగలేదు, ప్రమాణం చేయలేదు, పుట్టుకతో వచ్చింది. మొత్తంగా లాక్కునేవాళ్ళు ఎవరూ లేరు, కావాలంటే కోసిచ్చుకోవాల్సిందే. రేపు ఎవరైనా సెలెస్టియల్ వార్‌లాక్‌తో వస్తే అది ఒప్పందం, అంటే సంతకాలూ షరతులూ ఉన్న వ్యవహారం.

ఒక హెచ్చరిక. లాక్కోగలిగేది ఎవరని అడగమన్నాను గానీ, లాక్కోమని చెప్పలేదు. పాలడిన్‌ని అటు గొయ్యి ఇటు నుయ్యి అనే చోట నిలబెట్టి, ఏం చేసినా "నీ ప్రమాణం పోయింది" అనేసే డీఎంలు ఒకప్పుడు ఉండేవాళ్ళు. వాళ్ళలో ఒకరి టేబుల్ దగ్గర నేను నాలుగు నెలలు ఆడాను. ఆ క్యాంపెయిన్ పేరు కూడా గుర్తు చేసుకోవాలని లేదు. ఆ ప్రశ్న శిక్ష వేయడానికి కాదు, సన్నివేశాలు పుట్టించడానికి.

ఒకటి చెబుతాను. నా టేబుల్ దగ్గరే జరిగింది. అచ్చం మీలాగే ఒక క్లెరిక్, ఒక డివోషన్ పాలడిన్. క్లెరిక్ కొలిచే దేవతది ఒకటే నియమం: గుడి గడప తాకినవాణ్ణి ఎవరికీ అప్పగించకూడదు. పన్నెండేళ్ళ పిల్లాడొకడు రొట్టె దొంగిలించి, పరిగెత్తుకొచ్చి గడప పట్టుకున్నాడు. క్లెరిక్ వాణ్ణి బలిపీఠం వెనక దాచింది. వెనకే కోట కాపలాదారులు. దళపతి వచ్చి "లోపల ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. క్లెరిక్ ఆడే అమ్మాయి తడుముకోకుండా "ఎవరూ లేరు" అంది. దేవత మాట నిలబెట్టడానికి అబద్ధం ఆడితే ఆమెకి పాపం లేదు. దళపతి తల పాలడిన్ వైపు తిప్పాడు. డివోషన్ ప్రమాణంలో మొదటి మాటే అబద్ధం ఆడకూడదని. ఆ కుర్రాడు తన షీట్ కేసి చూశాడు, క్లెరిక్ ఆడే అమ్మాయి కేసి చూశాడు. ఒక నిమిషం పాటు టేబుల్ దగ్గర ఎవరూ చిప్స్ పాకెట్ ముట్టుకోలేదు. చివరికి అన్నాడు: "అయ్యా, ఆ ప్రశ్న నన్ను అడగకండి. అడిగితే చెప్పాల్సి వస్తుంది. చెప్పాక మిమ్మల్ని లోపలికి రానివ్వకుండా ఆపాల్సి వస్తుంది."

ఆ రోజు తర్వాత ఆ ఇద్దరూ ఒకటేనని ఎవరూ అనలేదు. ఇద్దరి కవచమూ అదే, డాలూ అదే. రూల్స్‌లో నేను ఒక్క అక్షరం మార్చలేదు.

కాబట్టి వచ్చే సెషన్‌కి మీరు చేయాల్సింది ఇంతే. మీ అక్క దేవుడు అడిగేది, మీ ఫ్రెండ్ ప్రమాణం ఒప్పుకోనిది, ఈ రెండూ కలిసే ఒక్క చోటు వెతకండి. పెద్ద కథ అక్కర్లేదు, ఒక గడప చాలు. ఇద్దరూ ఒకరితో ఒకరు పోట్లాడుకునేంత గట్టిగా మాత్రం బిగించకండి. ఇద్దరూ ఒకే ఒడ్డుకి వేర్వేరు దారుల్లో చేరేంత చాలు.

ఇక యుద్ధంలో. మీ అక్కని కత్తి పోటీ నుంచి తప్పించండి గానీ యుద్ధం ముందు వరస నుంచి తప్పించకండి. ఐదో లెవెల్‌లో ఆవిడ చేతికొచ్చే అసలు ఆయుధం స్పిరిట్ గార్డియన్స్. చుట్టూ 15 అడుగుల మేర ఆత్మలు గిరగిరా తిరుగుతాయి. అందులోకి వచ్చిన శత్రువుల నడక సగమైపోతుంది, మూడు డీ8ల దెబ్బ తగులుతుంది, సేవ్ (తప్పించుకోవడానికి వేసే పాచిక) చేసుకున్నా సగం తప్పదు. అది వేసుకుని గుంపు మధ్యలోకి నడిచిపోవడమే ఆవిడ పని. పాలడిన్ ఒక్కొక్కరిని కొడతాడు, ఆవిడ నేలనే ఆక్రమిస్తుంది. ఐదో లెవెల్‌లో రోజుకి రెండుసార్లు వేయొచ్చు. ఆ స్థాయి స్లాట్ పాలడిన్ మొహం చూసేది తొమ్మిదో లెవెల్‌లో.

దీనికున్న బలహీనత కాన్‌సన్‌ట్రేషన్, అంటే వేసినవాళ్ళు ధ్యాస నిలుపుకుంటేనే స్పెల్ నిలుస్తుంది. మధ్యలో నిలబడితే దెబ్బలు పడతాయి, దెబ్బ పడిన ప్రతిసారీ కాన్‌స్టిట్యూషన్ సేవ్, తప్పితే స్పెల్ ఆరిపోతుంది. ఆరో లెవెల్‌లో పాలడిన్ ఆరా వస్తుందన్నానే, అది సరిగ్గా దీనికే మందు. పది అడుగుల లోపున్న స్నేహితుల సేవ్‌లన్నిటికీ తన కరిజ్మా మాడిఫయర్ కలుపుతుంది. అతని కరిజ్మా 16 అయితే మూడు కలుస్తుంది. అంటే ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ఆవిడ ఆత్మలు అంత తేలిగ్గా ఆరిపోవు, ఆ ఆత్మల మధ్య ఈదులాడే శత్రువులను అతను నింపాదిగా నరుకుతాడు. ఇప్పటిదాకా వాళ్ళు ఒకే చోట నిలబడటం మీకు సమస్యలా కనిపించింది. ఆరో లెవెల్ నుంచి అదే వాళ్ళ ఎత్తుగడ. ఈ సంగతి మీరు చెప్పకండి, మీ ఫ్రెండ్‌తో చెప్పించండి. "అక్కా, నా పక్కన నిలబడు" అని వాడు అంటే దాని విలువే వేరు.

గాయాల పంపకం కూడా తేల్చుకోవాలి. పాలడిన్‌కి ఐదో లెవెల్‌లో లే ఆన్ హ్యాండ్స్ నిధి 25 పాయింట్లు. చేత్తో తాకాలి, ఒక యాక్షన్ పోతుంది. మీ అక్క హీలింగ్ వర్డ్ 60 అడుగుల దాకా పనిచేస్తుంది, బోనస్ యాక్షనే, పైగా పాలడిన్ జాబితాలో అది లేదు. నా దగ్గర ఒకసారి ఏమైందంటే, దొంగ పాత్ర సున్నాకి పడిపోయింది. పాలడిన్ పక్కనే ఉన్నాడు, క్లెరిక్ నలభై అడుగుల అవతల. పాలడిన్ టర్న్ ముందొచ్చింది, ఉన్న నిధంతా ఒకేసారి కుమ్మరించాడు. క్లెరిక్ ఆడే అమ్మాయి అప్పటికే పాచికలు చేతిలో పట్టుకుని ఉంది, వాటిని మెల్లగా పెట్టెలో పెట్టేసి ఫోన్ తీసింది. నిజానికి పడిపోయినవాణ్ణి లేపడానికి ఒక్క పాయింట్ చాలు. అప్పటి నుంచి మా దగ్గర ఒప్పందం: చెయ్యి అందే దూరంలో ఉన్నవాడు పాలడిన్ బాధ్యత, అది కూడా లేపడం వరకే. దూరాన పడినవాడు క్లెరిక్ బాధ్యత. చచ్చినవాణ్ణి నిమిషంలోపు బతికించే రివివిఫై మీ అక్కకి ఐదో లెవెల్‌లో దొరుకుతుంది, 300 బంగారు నాణేల విలువైన వజ్రాలు ఉంటే. పాలడిన్‌కి అది తొమ్మిదిలో. మీ రోగ్ ఇంకో రెండు సెషన్లు ఓపిక పట్టి చచ్చిపోయుంటే బతికేదేమో.

ఇంత చెప్పాక కూడా మీ అక్క "నాకు కత్తితోనే కొట్టాలనుంది" అంటే, మారనివ్వండి. ఆ కోరికకి క్లెరిక్ సరిపోడు, ఫైటర్‌లోనో ఇంకో ప్రమాణం పట్టిన పాలడిన్‌లోనో ఉంది అది. లెవెల్ తగ్గించడాలు, కథలో శిక్షలు పెట్టకండి. మారాల్సింది మాత్రం ఆవిడ కోరితేనే, మీరు తీర్పు చెప్పి కాదు.

డివైన్ సోల్ విషయంలో మీకంటే నేను ఎక్కువ జాగ్రత్త పడతాను. నిజం చెప్పాలంటే క్లెరిక్‌కి అసలు పోటీ పాలడిన్ కాదు, ఈ కొత్తమ్మాయే. ఎందుకంటే క్లెరిక్ స్పెల్స్ జాబితా మొత్తం ఆమెకి తెరిచి ఉంటుంది. కాకపోతే తెరిచి ఉన్నంత మాత్రాన అన్నీ రావు. ఐదో లెవెల్ సోర్సరర్‌కి తెలిసేవి ఆరు, పుట్టుక వల్ల వచ్చేది ఇంకొకటి, మొత్తం ఏడు. లెవెల్ పెరిగినప్పుడు ఒకటి మార్చుకోవచ్చు, అంతే. విజ్డమ్ 16 ఉన్న మీ అక్క అదే లెవెల్‌లో రోజూ పొద్దున్నే తనకు నచ్చినవి ఎనిమిది సిద్ధం చేసుకుంటుంది, డొమైన్‌వి ఆరు వాటికి అదనం. కాబట్టి కొత్తమ్మాయితో ఒక్క మాట మాట్లాడుకోండి. ఆ ఏడింటిలో స్పిరిట్ గార్డియన్స్, రివివిఫై తీసుకోవద్దని అడగండి. రూల్‌గా కాదు, మాటగా. ఆమెకి కావాల్సినంత ఇంకెక్కడైనా ఉంది. ఒకే స్పెల్‌ని ఇద్దరి మీద వేయగల ట్విన్డ్ స్పెల్ మీ అక్క దగ్గర లేదు. నిప్పులూ మెరుపులూ కావాలంటే సోర్సరర్ జాబితా ఎలాగూ ఉంది.

మీ సొంత ప్రపంచం సంగతికొస్తే, కలిపేయడం తప్పేమీ కాదు. మీ ప్రపంచంలో శక్తిని లాక్కోగలిగేవాళ్ళు ఎవరని రెండు క్లాసుల ముందూ రాసుకోండి. రెండుచోట్లా "దేవుడే" అని వస్తే కలిపేయండి, రెండు పేర్లు దండగ. కానీ కలిపేటప్పుడు పూర్తి స్థాయి స్పెల్స్, రెండు దెబ్బలు, స్మైట్ మూడూ ఒకే మనిషికి ఇచ్చారంటే మిగతా క్లాసులు ఆడేవాళ్ళు ఇంటికి పోతారు. మొదట్లోనే దారి చీల్చండి, స్పెల్సా దెబ్బలా అని. 2024 రూల్స్‌లో క్లెరిక్‌కి ఒకటో లెవెల్‌లోనే ఇలాంటి చిన్న చీలిక పెట్టారు, కవచమూ ఆయుధాలూ కావాలా, స్పెల్స్ పక్కన ఇంకొంచెం పట్టు కావాలా అని. జవాబులు వేరైతే విడిగా ఉంచండి, అప్పుడు 2019 నాటి పాత్‌ఫైండర్ (ఇదే కోవకి చెందిన ఇంకో ఆట) రెండో ఎడిషన్ చేసింది నాకు నచ్చుతుంది. అక్కడ పాలడిన్ స్థానంలో ఛాంపియన్ అని ఉంటాడు. అతనికి స్పెల్ స్లాట్లే లేవు. చెయ్యి వేసి గాయం మాన్పడం లాంటివి రెండో మూడో ఉంటాయి, వాటికి వేరే చిన్న నిధి. పక్కవాడికి దెబ్బ తగలబోతే అడ్డుపడి దాన్ని తగ్గించడం అతని పని. స్లాట్లు తీసేయగానే సరిహద్దు అద్దంలా కనిపిస్తుంది.

చివరగా ఒకటి, మీరు అడగలేదు గానీ. ఇంత సేపూ దేవుడి మనుషుల గురించే మాట్లాడుకున్నాం. మీ గుంపులో పోయింది రోగ్, బదులుగా వస్తున్నది సోర్సరర్. మరి రేపటి నుంచి తాళాలు ఎవరు తీస్తారు? "ఏ బాధా లేదు" అన్న మీ విజార్డ్ దగ్గర నాక్ స్పెల్ ఉందేమో చూడండి. తాళం తీస్తుంది, కాకపోతే ఆ చప్పుడు 300 అడుగుల దాకా వినిపిస్తుంది.